కింది దారం

లోపల గుండు పడలేదు. అంటే ఇప్పుడు పోయినవాడు ఝట్కా ఇచ్చి గుంజాడు, కింది దారం తెగింది, పరీక్ష పెట్టే సారు పదికి పది వేసి ఉంటాడు. నేను వరండాలో బల్ల మీద కూర్చుని చెవులతో మంది మార్కులు లెక్కపెడుతున్నాను. నా తరువాత లోపలికి పోయినవాళ్లు ముగ్గురు. ఇద్దరికి చప్పుడు లేదు, ఒక్కడికి మాత్రం ధబ్బుమని వినిపించింది, ఆ ఒక్కడు బయటికి వచ్చినప్పుడు వాడి మొహం చూసి నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో. సిగ్గులేని ప్రేమ. వాడు నా వైపు చూడకుండా సైకిలెక్కి పోయాడు. నాకు సిరిసిల్ల బస్సు సాయంత్రం దాకా లేదు, అందుకే కూర్చున్నాను, లేకపోతే కరీంనగర్ ఎండలో ఈ బడి వరండాను పట్టుకుని ఎవడు వేలాడతాడు. అబద్ధం. బస్సు కోసం కాదు. ఆ తలుపు తెరుచుకుని అంబదాస్ అని నా పేరు మళ్లీ పిలుస్తారేమోనని కూర్చున్నాను.

చూడబోతే ఎంత చిన్న విషయం. అరకిలో ఇనుప గుండును ఒక దారంతో పైన కొక్కేనికి వేలాడదీశారు. గుండుకు కింద అలాంటిదే ఇంకో దారం కట్టి వదిలారు. కింది దారాన్ని పట్టుకుని మెల్లగా లాగుతూ పోతే గుండు బరువు, చేతి బలం రెండూ కలిసి పై దారం మీద పడి అది తెగుతుంది, గుండు ఇసుక పళ్లెంలో పడుతుంది. ఒక్కసారిగా గుంజితే గుండు కదిలేలోపలే కింది దారం తెగిపోతుంది, గుండు ఉన్నచోటనే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టుగానే ఉండాలనుకునే మొండితనం వస్తువుల్లో ఉంది, దాని పేరు జడత్వం. ఇంతే. ఈ మాత్రం నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను, రాతపరీక్షలో రెండు పేజీలు రాశాను, బొమ్మ వేశాను, బాణాలు గీశాను, జిల్లా మొత్తానికి నావే మొదటి మార్కులని ఇదే సారు పొద్దున కాగితం చూసి చదివాడు. కొత్తగా పెట్టిన బడుల్లో సైన్సు గదులకు లాబ్ అసిస్టెంట్లు నలుగురు కావాలి. రాతలో ఎన్ని వచ్చినా ప్రయోగంలో సున్నా వస్తే లిస్టులో పేరుండదు. ఇరవై అయిదు నిండినవాడు మళ్లీ రాయకూడదు, నాకు వచ్చే నెల నిండుతాయి. సారు నాతో చెప్పిన మాట ఒక్కటే, కింది దారం తెగేలా లాగి చూపించు అని. నాకు పై దారం తెగింది.

కాదు, కాదు, మొదట కిందిదే తెగింది. ఆ సంగతి ఈ లోకంలో నాకూ ఆ దారానికీ తప్ప ఎవరికీ తెలియదు. సారు తలవంచి ఇంకుసీసా మూత తిప్పుతున్నాడు, అది బిగుసుకుపోయింది, నేను ఝట్కా ఇచ్చాను, టప్ మని కింది దారం తెగి కొస నా చేతిలోకి వచ్చింది, గుండు కొద్దిగా ఊగి నిలిచింది. అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉంటే అయిపోయేది. మనిషిగా పుట్టినవాడెవడైనా అదే చేస్తాడు. నేను సాలె ఇంట్లో పుట్టాను. తెగిన కొసలు రెండు ఎదురుగా కనబడితే మా చేతులు మమ్మల్ని అడగవు. మగ్గం మీద పోగు తెగిందంటే ఆలోచించి అతకం, మాట్లాడుతూనే, తిడుతూనే, ఏడుస్తూనే అతుకుతాం. నాలుక మీద వేలు తడి చేసి, కొసలు కలిపి మెలిపెట్టి, ముడి బిగించి, మిగిలిన కొసను పంటితో కొరికేయడానికి ఊపిరి పీల్చి వదిలేంత సేపు కూడా పట్టదు. ఇంకుసీసా మూత వచ్చింది, సారు తల ఎత్తాడు. గుండు వేలాడుతోంది, పైన దారం ఉంది, కింద దారం ఉంది, నేను దాన్ని పట్టుకుని నిలబడి ఉన్నాను.

“ఇంకా లాగలేదా?” అన్నాడు.

లాగిన సార్, తెగింది, మళ్ల నేనే అతికిన. ఆ ఒక్కమాట అంటే ఏం పోయేది. కానీ అంతకు ముందే ఏం చేస్తుంటావని అడిగితే పిల్లలకు ట్యూషన్లు చెప్తున్ననని చెప్పాను కదా. తెల్లచొక్కా వేసుకుని, గోళ్లలో రంగు పోయేదాకా నిన్న రాయితో రుద్దుకుని, సాలోణ్ణని తెలియకుండా నోరు అదుపులో పెట్టుకుని వచ్చాను కదా, ఇప్పుడు ముడి సంగతి చెబితే ఎవడివిరా నువ్వని అడుగుతాడు కదా. “లాగుతున్న సార్” అన్నాను. లాగాను. సారు కళ్లు రెండూ నా చేతి మీదనే ఉన్నాయి. నేను వేసిన ముడి, ఇంకా నా ఉమ్మి తడి ఆరని ముడి, దాన్ని చూస్తూ చూస్తూ తెంపడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు. ఎనిమిదో ఏటి నుంచి ఆ చేతికి నేర్పింది ఒకటే విద్య, నూలును మెల్లగా లాగు, తెగనియ్యకు, సాగేదాకా లాగి ఆపు. అది తనకు తెలిసిన పని చేసింది. పై దారం తెగింది, గుండు ఇసుకలో పడింది, సారు కాగితం మీద గుండ్రంగా ఏదో రాశాడు. నా ముడి మాత్రం నిలిచింది. అదీ నాకు మండేది. అది పాడు ముడి అయి ఉంటే, ఏ కోమటాయనో మూట కట్టినట్టు వేసిన ముడి అయి ఉంటే, ఎంత మెల్లగా లాగినా కిందనే ఊడి ఉండేది, పదికి పది పడి ఉండేవి. పని బాగా వచ్చినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి నన్నే చూస్తున్నాను.

చప్పుడు లేదు. ఇంకొకడు గట్టెక్కాడు. జబ్బార్ సాబ్‌కు ఏమని చెప్పాలి. సరిగ్గా ఇదే ప్రశ్న అడుగుతారని ఆయన రెండేళ్ల కింద చెప్పాడు, నులక మంచం మీద కూర్చుని, చేతిలో ఏమీ లేకుండా, ఉన్నట్టుగా చూపిస్తూ. “మెల్లగ గుంజితె పైది, ఝట్కా ఇస్తె కిందిది. యాద్ పెట్టుకో బేటా, గిదే అడుగుతరు.” నిజాం కాలంలో ఆయన ఉర్దూలో సైన్సు చెప్పిన మాస్టరు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు పోలీస్ యాక్షన్ అయింది, తరువాత ఒక్కో తరగతికి ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. జబ్బార్ సాబ్ మాట్లాడేది మా తెలుగే, రాయడం మాత్రం రాదు. నల్లబల్ల మీద తెలుగులో రాయలేని మాస్టరుతో ఏం చేయిస్తారు, హాజరు పట్టీ ఇచ్చారు, గంట కొట్టించారు, ఒకరోజు ఆయనే సంచి భుజానికి వేసుకుని ఇంటికి వచ్చేశాడు. పదిహేనేళ్లు న్యూటన్‌ను చెప్పిన మనిషి గంట కొట్టడం చూసి మేము పిల్లలం నవ్వాం. నేను కూడా నవ్వాను. తరువాత ఆయన గడపకే పోయి కూర్చున్నాను, ఆయన చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసుకున్నాను, ఆయన జుమూద్ అంటే నేను జడత్వమని, ఆయన ఖువ్వత్ అంటే నేను బలమని. బావి గిరకను చూపించి గిరక సూత్రం చెప్పేవాడు. ఆయన ఇంటావిడ అజీజా చిచ్చీ పప్పు తూచే తక్కెడ పట్టుకుపోయి తులాదండం చెబితే ఆమె కేకలేసేది. ప్రయోగం పరీక్ష కూడా ఉంటుందట సాబ్ అని నేను అడిగిన రోజు ఖాళీ చేతులు రెండూ తిప్పి చూపించాడు. “నా దగ్గర సామాన్ లేదు బేటా, జబాన్ ఉన్నది” అన్నాడు, నాలుక తాకి చూపిస్తూ. నా ఫిజిక్సంతా చెవిలోంచి వచ్చింది, చేతిదాకా ఎప్పుడూ రాలేదు, చెయ్యి మగ్గం దగ్గరే ఉండిపోయింది.

పని అంటే బలాన్ని స్థానభ్రంశంతో గుణించాలి. రోజంతా బండను నెట్టినా అది కదలకపోతే చేసిన పని సున్నా. నేను గుంట మగ్గంలో కూర్చుని ఈ ముక్క వల్లెవేస్తుంటే నా పెళ్లాం సత్తమ్మ రాట్నం మీద కండెలు చుడుతూ వినేది. అక్షరం ముక్క రాదు, కానీ వినివిని దానికి న్యూటన్ మూడు సూత్రాలూ వచ్చేశాయి, నేను తడబడితే అందించేది. ఒకరోజు దాన్ని ఆటపట్టిద్దామని చెప్పాను, మగ్గంలో పోగును మోసే నాడె కుడికి పోతుంది, ఎడమకు వస్తుంది, పొద్దటి నుంచి పదివేలసార్లు తిరిగి సాయంత్రానికి బయలుదేరిన చోటనే ఉంటుంది, కాబట్టి శాస్త్రప్రకారం మా బాపు చేసిన పని సున్నా అని. రాట్నం ఆపింది. “సున్నా అయితె మరి గీ చీర యాడికెల్లి అచ్చింది?” అంది. జబ్బార్ సాబ్‌ను అడిగితే పడీపడీ నవ్వి, నీకంటే నీ ఇంటిది హుషారు, దాన్నే పరీక్షకు తోలియ్యి అన్నాడు. సత్తమ్మ ఇక్కడికి వచ్చి ఉంటే ఏం చేసేది. అదీ అతికేసేదే. కానీ సారు అడిగితే అతికిన అని మొహం మీద చెప్పి ఉండేది. దానికి దాచడానికేముంది, తెల్లచొక్కా లేదు కదా.

ప్రయోగం ఒక్కసారి ఇంట్లో చేసి చూసుకోవాల్సింది. చేయబోయాను. పదిహేను రోజుల కింద, దూలానికి దారం కట్టి, పడుగు బిగించే రాయి ఒకటి వేలాడదీసి, కింద ఇంకో దారం కట్టాను. మా ఇంట్లో దారానికి కరువా. గుంజబోతుంటే బాపు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. రాయమల్లు చెయ్యి అంటే మా వాడలో పేరున్న చెయ్యి, గుడ్డ మీద ఆయన అతికిన చోటు చీరలు కొనే సేటు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. కుడికన్ను పోయి మూడేళ్లయింది, ఎడమది కూడా మసక, పోగు తెగితే పెదవితో తడిమి కనుక్కుంటాడు. “అతుకుడు నేర్పిన గని తెంపుడు నేర్పలే బిడ్డా. నా ఇంట్ల నూలు తెంపకు” అన్నాడు. పరీక్ష కోసం బాపూ, ఒక్క పోగే అన్నాను. వదలలేదు. తెగిన నూలు చూస్తే ఆయన అన్నం కూడా తినడు, ముందు అది అతికి తరువాత చెయ్యి కడుక్కుంటాడు. నాకు కోపం వచ్చింది, పనికిరాని నమ్మకాలన్నాను, ఇంకా ఏవేవో అన్నాను, కానీ రాయి దించేశాను. దించకుండా ఉంటే ఒక్కసారి చెయ్యి భయం తీరి ఉండేది. బాపు మీద కోపం ఇప్పుడు కూడా ఉంది, ఆయన మీద జాలి కంటే ఎక్కువే ఉంది, ఉండకూడదని ఎవరన్నారు.

మొన్న మేనమామ భీవండి నుంచి ఉత్తరం రాశాడు. సోమవారం లోపల వస్తే షెడ్డులో రెండు సాంచెలు ఇప్పిస్తానని. కరెంటుతో నడిచే మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు, పన్నెండు గంటలు దాని మధ్య నిలబడాలి, చెవులు పోతాయట, మామ కేకలేస్తే తప్ప వినడు. నేను పోతే బాపుకు కన్ను ఎవరు. సత్తమ్మ కండెలు చుడుతుంది, కానీ పడుగు మీద తెగిన పోగు పట్టేది నేనే. ఉద్యోగం వస్తే జిల్లాలోనే వేస్తారు, బాపును మగ్గం దింపేస్తాను, అనుకున్నదంతా ఇదే, ఇంతకంటే పెద్దది ఏమీ అనుకోలేదు. పొద్దున బస్సెక్కేటప్పుడు ఆయన గుంటలోంచి లేవకుండానే అడిగాడు. “సర్కారు నౌకరి అచ్చినంక గూడ నేను మగ్గం మీద కూసోవాల్నా?” అక్కర్లేదు బాపూ అన్నాను. అయితే ఈ చీర ఆఖరిది అన్నాడు, నవ్వాడు. అంత ధీమాగా నేనెందుకు చెప్పాను. ఎవడు చెప్పమన్నాడు నన్ను.

మంచు కరిగేటప్పుడు ఎంత వేడి ఇచ్చినా ఉష్ణోగ్రత పెరగదు. వేడి లోపలికి పోతూనే ఉంటుంది, కొలిచే గొట్టంలో పాదరసం మాత్రం కదలదు, దాన్ని గుప్తోష్ణం అంటారు, అయిదు మార్కుల ప్రశ్న. లోపలికి పోయి చెబితే? ముడి అక్కడే ఉంది కదా. గుండుతో పాటు పడిన కింది దారం తెగలేదు, అప్పుడే లోపలికి వచ్చిన చప్రాసీ దాన్ని విప్పి కిటికీ దగ్గర పారేయడం చూశాను. సాక్ష్యం ఉంది. ఆ దారం తీసి వెలుతురుకు పట్టి చూపిస్తే చాలు. లే. లేవవేం. ఇందాక అబద్ధం ఎందుకు చెప్పావంటే? సాలోణ్ణి సార్, చెప్పుకోవడానికి సిగ్గయింది అనాలి. అది పైకి అనడం కంటే భీవండి దగ్గర అనిపిస్తోంది. నా మీద నాకే అసహ్యం వేస్తోంది, నా కాళ్లు మాత్రం ఈ బల్ల కిందనే ఉన్నాయి.

ధబ్. మళ్లీ ధబ్. ఇదేమిటి, ఒకే మనిషి లోపల ఉన్నాడు, రెండుసార్లు పడింది. సారు ఎవరి మీదనో విసుక్కుంటున్నాడు. మళ్లీ ధబ్. ఇప్పుడు అర్థమైంది, దారం ఉండ అయిపోయి ఉంటుంది, తెగిన ముక్కలను చప్రాసీ ముడివేసి కడుతున్నాడు, అవి జారిపోతున్నాయి. జారవా మరి. ఎద్దును కట్టినట్టు కడితే జారవా. నాకు లోపల ఎక్కడో సంతోషంగా ఉంది, ఎంత నీచంగా ఉందో అంత సంతోషంగా ఉంది. అంతలో తలుపు తెరుచుకుని చప్రాసీ తల బయట పెట్టాడు.

“అంబదాస్ ఎవలు? సారు పిలుస్తుండు.”

ఎలా లేచానో, ఎలా లోపలికి పోయానో తెలియదు. సారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, నా దారం ఆయన చేతిలో ఉంది. వెలుతురుకు పట్టి రెండు వేళ్ల మధ్య జారవిడుస్తూ చూస్తున్నాడు. పాత ముక్కలు వెతుకుతుంటే ఇది దొరికిందట, నిడివి సరిపోతుందని కట్టబోతే వేలికి ఏదో తగిలిందట. ముడి నీదేనా అన్నాడు. నాదే సార్ అన్నాను, ఇక ఆగలేదు, అంతా చెప్పాను, ఇంకుసీసా సంగతి, ఝట్కా సంగతి, మగ్గం సంగతి, బాపు పేరు కూడా చెప్పాను. ట్యూషన్లు అబద్ధమన్నాను. ఆయన కోప్పడలేదు. చిన్న వయసు, కోస్తా వైపు మనిషి, మంచి మొహం. నమ్మాడు. నమ్మాడని కళ్లలో కనిపిస్తోంది. కోప్పడి ఉంటే బాగుండేది.

“అప్పుడే చెప్పొచ్చు కదయ్యా” అన్నాడు. సిరాతో మార్కు పడిపోయిందట. కొట్టివేసి రాస్తే పైవాళ్లు సంజాయిషీ అడుగుతారట, రాతలో మొదట వచ్చినవాడికి ప్రయోగంలో దిద్దితే ఎవడో ఒకడు అర్జీ పెడతాడట. నిజంగానే బాధపడుతూ చెప్పాడు. తరువాత గోడ గడియారం వైపు చూశాడు. ఇంకా ఏడుగురు ఉన్నారు, బజారుకు పంపితే గంట పడుతుంది, ఏమీ అనుకోకపోతే కాస్త కూర్చుని ఈ దారాలు కట్టిపెట్టు, నీ చేతికి రెండు నిమిషాల పని అన్నాడు. నేను కాదనాలి. కాదని బయటికి నడవాలి. నేల మీద తెగిన ముక్కలు పన్నెండో పదమూడో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. నేను కూర్చున్నాను.

ఒకడు వచ్చి గుంజి పోయాడు, ఇంకొకడు వచ్చాడు. నేను అతుకుతున్నాను, వాళ్లు తెంపుతున్నారు. చప్రాసీ నాకు కూడా చాయ్ తెచ్చి పెట్టాడు. ఒక్క ముడి కూడా జారలేదు, ఎవరి మార్కూ నా వల్ల పోలేదు. ఆఖరివాడు ఆదిలాబాద్ సరిహద్దు ఊరి నుంచి బస్సు ఆలస్యమై వచ్చినవాడు, చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది, నా ఈడే ఉంటుంది. సారు అటు తిరిగి కాగితాలు సర్దుకుంటుంటే వాడు నా మీదికి వంగి గుసగుసగా అడిగాడు.

“సార్, మెల్లగ గుంజాల్నా, జోర్గ గుంజాల్నా?”

పుట్టిన తరువాత నన్ను సారు అన్న మొదటి మనిషి. మెల్లగా అని చెబితే చాలు. నలుగురిలో ఒకడు తగ్గుతాడు, ఆ చోటు నాది కాకపోయినా వాడిదీ కాదు, వాడు కూడా ఏ మందమర్రి బొగ్గుబాయిలోకో దిగుతాడు, నాతో పాటు ఇంకొకడు ఉంటాడు ఈ లోకంలో. నోటిదాకా వచ్చింది. వాడి చెయ్యి చూశాను, ఎక్కడ తెగుతుందోనని దారాన్ని తాకీ తాకకుండా పట్టుకుని ఉంది.

“ఝట్కున గుంజు. తెగుతదని ఫికర్ చెయ్యకు” అన్నాను.

గుంజాడు. కింది దారం తెగింది, గుండు పైన ఊగుతూ ఉండిపోయింది. సారు వెనక్కి తిరిగి చూసి రాసుకున్నాడు. వాడి మొహం వెలిగిపోయింది, పోతూ పోతూ నా దగ్గర ఆగి రెండు చేతులు జోడించాడు, మీరు ఈ లాబ్‌లో ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారని ఎంతో మర్యాదగా అడిగాడు.

“ఇయ్యాల్నే చేరిన” అన్నాను. అప్పటికే నా చేతులు తెగిన కొసలు రెండూ కలిపి ముడి బిగించేశాయి.